చర్చ లేకుండా పాసైన పద్దు

మూజువాణి ఓటు చప్పుడు వింటే ఇప్పటికీ నా ముక్కుకు తడిసిన యూనిఫాం వాసన తగులుతుంది. ఖమ్మంలో మా పత్రికాఫీసు టీవీ రోజంతా మోగుతూనే ఉంటుంది. బడ్జెట్ సమావేశాల చివర్లో ఒక సాయంత్రం లోక్‌సభలో చర్చకు రాకుండా మిగిలిపోయిన పద్దులన్నిటినీ మూటగట్టి ఒకేసారి ఓటుకు పెడతారు. స్పీకర్ అడుగుతారు, సభ గొంతు కలుపుతుంది, శాఖలకు శాఖల ఖర్చు నిమిషాల్లో పాసైపోతుంది. దాన్ని గిలెటిన్ అంటారు. మా డెస్క్‌లో వాళ్ళకు అది టీ తాగొచ్చే సమయం. నాకు మాత్రం ఆ మాట నేర్పిన రుక్మిణి టీచర్ గుర్తొస్తారు.

నాన్న మండలాఫీసులో గుమాస్తా. కల్లూరు నుంచి బదిలీ అయితే భద్రాచలం వైపు, అడవి మొదలయ్యే చోట ఒక ఊరికి వచ్చాం. అక్కడి హైస్కూల్లో టీచర్ మాకు సాంఘికశాస్త్రం చెప్పేవారు. వైరా మనిషి, సన్నగా ఉండేవారు, నవ్వడం తక్కువ. పుస్తకం చూసి పాఠం చెప్పడం ఆవిడకు చేతకాదు. బడ్జెట్ పాఠం మొదలుపెట్టిన రోజు వెనక బెంచీలో ఉన్న జోగమ్మను లేపారు. వాగు అవతలి కోయగూడెం పిల్ల, నోట్లో నాలుక లేనిది.

"మీ గూడెంల విత్తనాల పండుగ కాకముందు ఎవరన్న చల్లుతరా?"

"చల్లరు టీచర్. ఇంటికో గుప్పెడు గింజలు తెచ్చి కలుపుతరు. ఒక్క ఇల్లు రాకున్నా ఆగుతరు."

"ఢిల్లీల గూడ గట్లనే. సభ ఒప్పుకోనిదే ఖజానాలకెళ్ళి పైసా తియ్యరాదు. ఎంత పెద్ద మంత్రైనా సరే" అన్నారు టీచర్.

తర్వాత ఆవిడ మా తరగతిని నిజంగానే లోక్‌సభ చేశారు. బడి ఆవరణలో చింతచెట్లు ఉండేవి. వేసవిలో ఆ పండు అమ్మగా వచ్చిన డబ్బు పిల్లలదే. దాన్ని దేనికి ఖర్చుపెట్టాలో మేమే తేల్చాలి. నేను ఆర్థికమంత్రిని. వరండాలో కూర్చున్న తొమ్మిదో తరగతి రాజ్యసభ. అసలు రాజ్యసభకుండే పద్నాలుగు రోజులకు బదులు వాళ్ళు పద్నాలుగు నిమిషాల్లో సలహా చెప్పి బిల్లు తిప్పి పంపాలి, ఆపే అధికారం లేదు. ఆ మాట విని వాళ్ళు మూతులు ముడుచుకున్నారు. కోత తీర్మానం గురించి కూడా టీచర్ చెప్పారు. ఒక పద్దులో వంద రూపాయలు తగ్గించమని అడిగితే అది ఆ వంద కోసం కాదు, దాన్ని సాకుగా పెట్టుకుని సభ ముందు మన బాధ చెప్పుకోవచ్చు. ఒకరోజు ముందు నోటీసు ఇవ్వాలి, అంతే.

నా బడ్జెట్లో పద్దులు రెండే. మొదటిది ఆటలు. రెండోది బడి ఖర్చులు, అందులో స్టేజీకి ఎర్రటి పట్టుతెర పెట్టాను. వార్షికోత్సవంలో ఆ తెర ముందు నిలబడి మాట్లాడేది నేనే కాబట్టి దాని మీద ఎవరూ నోరెత్తకూడదని నా కోరిక. అప్పటికి గిలెటిన్ సంగతి ఒంటబట్టింది. మా అధికారపక్షం వాళ్ళతో ముందే చెప్పాను, వాలీబాల్ మీదే సాగదీయండి అని. నెట్టు ఎత్తు మీద కూడా ప్రసంగాలు చేశారు. ప్రతిపక్షం వాళ్ళకూ ఆవేశం వచ్చింది. గంట కొట్టేసరికి రెండో పద్దు మీద ఒక్క మాటా పడలేదు. నియమం ప్రకారం టీచర్ దాన్ని నేరుగా ఓటుకు పెట్టారు. మావాళ్ళంతా గొంతు చించుకున్నారు. పాసైంది. నేను గాల్లో తేలిపోయాను. వెనక బెంచీలో జోగమ్మ నిలబడి ఉండటం చూశాను కూడా. కూర్చోమని సైగ చేశాను.

అందరూ వెళ్ళాక టీచర్ నన్ను ఆపి ఒక కాగితం చేతికిచ్చారు. ముందురోజు జోగమ్మ ఇచ్చిన నోటీసు. 'బడి ఖర్చుల పద్దులో వంద రూపాయలు తగ్గించాలి. వానకాలం మేము వాగు దాటి వచ్చి సాయంత్రం దాక తడి బట్టల మీదనే కూర్చుంటున్నమని చెప్పుటకు. బడిలో పొడి బట్టలు పెట్టాలని అడుగుటకు.'

నాకు తల కొట్టేసినట్టయింది. వాన పడ్డప్పుడల్లా గూడెం నుంచి వచ్చే ముగ్గురు పిల్లల దగ్గర, జోగమ్మ దగ్గర కూడా, వాసనొస్తుందని మేం ముందు బెంచీలకు జరిగేవాళ్ళం. ఎందుకొస్తుందని ఎన్నడూ అడగలేదు.

"తెర తీసేయండి టీచర్" అన్నాను.

"నేనెట్ల తీస్త? సభ పాస్ చేసింది. సంవత్సరం నడుమల అవసరం పడితే అనుబంధ పద్దు తేవచ్చు. చింతపండు పైసలు ఇంక కొన్ని మిగిలినయ్. నువ్వే తేవాలె, ఆ పిల్ల మాట్లాడాలె."

మర్నాటి నుంచి వాన పట్టుకుంది. జోగమ్మ రాలేదు. వారం చూసి, వాగు తగ్గాక టీచరూ నేనూ గూడేనికి వెళ్ళాం. వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని విస్తరాకులు కుడుతోంది. మమ్మల్ని చూసి చాప వేసింది.

"రోజూ తడుస్తది, జ్వరం. ఇగ చాలన్న. పత్తి చేనుకు పోయింది" అంది. ఇంకో ఆకు అందుకుంటూ, "ఏందో అడుగుతనని పోయింది ఆ పొద్దు. వచ్చి ఏం చెప్పలే. బడికి పోనన్నది" అంది.

నేను వినాల్సిందంతా ఆ నాలుగు మాటల్లో విన్నాను. తర్వాత టీచర్ ఎన్నిసార్లు వెళ్ళి అడిగినా జోగమ్మ మళ్ళీ బడికి రాలేదు.

అనుబంధ పద్దు నేనే పెట్టాను. వ్యతిరేకించేవాళ్ళెవరూ లేరు. ఒక రేకుపెట్టె, ఆరు జతల బట్టలు కొన్నాం. మిగిలిన ఇద్దరు పిల్లలు ఆ ఏడు పొడిగా కూర్చున్నారు. సభ రిజిస్టర్లో నేను 'ఏకగ్రీవంగా పాసైంది' అని రాస్తే టీచర్ చదివి వెనక్కిచ్చారు.

"గదొక్కటే రాస్తె ఎట్ల? మాట్లాడాల్సిన మనిషి మాట్లాడలేదని గూడ రాయి."

రాశాను. ఇప్పటికీ రాస్తున్నాను. ఏటా బడ్జెట్ వార్తలో ఏ శాఖ పద్దు మీద ఎవరూ నోరు విప్పకుండానే ఓటు పడిందో వెతికి ఒక పేరా పెడతాను. ఇది ఎవరు చదువుతారని ఎడిటర్ విసుక్కుంటారు, కొన్నిసార్లు తీసేస్తారు కూడా. నాకు కోపం రాదు, మరుసటి ఏడు మళ్ళీ రాస్తాను. జోగమ్మ ఏం చెప్పాలనుకుందో నాకు అక్షరం అక్షరం తెలుసు. ఆమె నోటి వెంట మాత్రం వినలేదు, నేనే విననివ్వలేదు.