ఇంజన్ కాదు, మా నాయన

ఇంటర్నెట్‌లో ఒక పాత రైలు సినిమా ఉంది. పడమటి ఇంగ్లండు కొండల మధ్య తిరిగి, నష్టాల పేరుతో మూతపడిన ఒక చిన్న రైల్వేది. దాని కింద ‘అసలు ఇంజన్ శబ్దంతో’ అని రాశారు. చూసినవాళ్లు ఆ శబ్దాన్ని తెగ మెచ్చుకున్నారు. అది ఇంజన్ కాదు. మా నాయన మస్తాన్ గొంతు. ఆనాటి నుంచీ ఈ సంగతి తెలిసినవాళ్లం ఇంట్లో అమ్మా నేనే మిగిలాం కనుక రాసిపెడుతున్నాను.

నాయన గుంతకల్లు వైపు బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేశాడు. ఆ ఇంజన్లతో పాటే ఆయన పనీ పోయింది. ఎనభైల చివర్లో మస్కట్ వచ్చి, ఒక హోటల్ లాండ్రీలో బాయిలర్ డ్యూటీకి కుదిరాడు. అమ్మకూ అక్కడే నర్సు ఉద్యోగం దొరికింది కాబట్టి, ఊరి చివర అజైబా పేటలో ముగ్గురం కలిసి ఉండగలిగాం. వేసవిలో కుళాయి నీళ్లు కాగి వచ్చేవి, సముద్రపు గాలికి గోడలు చెమర్చేవి, ఎండుచేపల వాసనా పక్కింటి ఒమానీ అవ్వ మరిగించే ఏలకుల కాఫీ వాసనా కలిసి మా మెట్లెక్కి వచ్చేవి, రంజాన్‌లో ఆమె పంపిన హల్వా జిగురు వేళ్లకు అంటుకుని ఉండగానే మేం పిల్లలం ఒకరి చొక్కా ఒకరం పట్టుకుని రైలాటకు దిగేవాళ్లం. ముందు నాయనే ఇంజన్. ఆయన కూత వేస్తే, రైలే లేని ఆ దేశపు పిల్లలు కూడా పరుగున వచ్చి వెనక తగులుకునేవారు.

హోటల్ పక్క క్లబ్బులో, ఆ రైల్వే ప్రాంతం నుంచి వచ్చిన ఇంగ్లీషు ఇంజనీర్లు నెలకో శుక్రవారం తెరలు దించుకుని ఆ సినిమా చూసేవారు. అది మూగ సినిమా. నాయన కూత ఎప్పుడు విన్నాడో, వాళ్ల కార్యదర్శి ఆయన్ను పిలిచి తెర వెనక నిలబడి శబ్దాలు చెయ్యమన్నాడు. నాయన అడిగింది ఒక్కటే. అంతసేపూ నన్ను వాళ్ల లైబ్రరీలో కూర్చోనివ్వాలని.

ఇంట్లో సాధన చేస్తుంటే అమ్మ దెప్పేది.

“పక్క రూమోళ్లు నవ్వుతాండారు. ఈ వయసులో నీకీ కూతలేంది?”

“నవ్వనీలే. పాపకు పుస్తకాలు గావాల గదా.”

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా గ్రంథాలయాల్లో కూర్చుని సంపాదించుకున్నదే, ఆ మాట గర్వంగానే చెబుతాను. దానికి పునాది ఆ గదిలో పడింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ రైల్వే చరిత్రే చదివేదాన్ని. గోడ అవతల నాయన రైలు కొండ చడావు ఎక్కేది, చక్రాలు జారేవి, మళ్లీ పట్టు దొరికేది. తెల్లవాళ్లు విరగబడి నవ్వేవారు.

ఒక శుక్రవారం పెద్ద టేపురికార్డరు తెచ్చి, జనం లేకుండా ఆయన చేత అంతా చేయించారు. నాయన దాన్ని గౌరవమనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. మరుసటి నెల మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. లోపల టేపు నడుస్తోంది, ఇక మీతో పని లేదని కాపలాదారు కుంజుమోన్ హిందీలో, తల దించుకుని చెప్పాడు. లోపలినుంచి నాయన కూతే వినిపిస్తోంది. కుంజుమోన్ నీడలో కుర్చీ వేసినా, బండి స్టేషన్లో ఆగేదాకా ఆయన ఎండలో నిలబడే విన్నాడు.

“బ్రేకు సరిగ్గానే పడింది. పా, పోదాం.”

నా పుస్తకం సగంలో ఉంది. ఆ రైలుమార్గం ఎలా మూతపడిందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, ఇండియాకు తిరిగొచ్చాక కడపలో ఇంకో గ్రంథాలయం దొరికేదాకా.

ఇప్పుడు నాయన లేడు. ఆయన మాట ఎక్కడా రికార్డు కాలేదు, కూత ఒక్కటే మిగిలింది. ఆ సినిమా కింద నేను నిజం రాస్తే ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు.

ఆ పాత పుస్తకాన్ని నా కోసం వెతికి తెప్పించిన గ్రంథాలయాధికారి సుబ్బరాయుడు గారికి, ఆ రోజు మాకు నీడలో కుర్చీ వేసిన కుంజుమోన్‌కు, సినిమా కనిపెట్టి చూపిన మేనల్లుడు బాషాకు నా కృతజ్ఞతలు. మా అమ్మ హుసేన్‌బీకి కూడా. సినిమా నడుమ ఇంజన్ ఒకచోట దగ్గుతుంది. అక్కడికి రాగానే అమ్మ, సినిమా ఆడుతున్న ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“మీ నాయనకు గలాసు నీళ్లన్నా ఇచ్చినారా మే, వాళ్లు?”