కదిలిన చెయ్యి

నా చిన్నప్పుడు మా వాడకు కెమెరా వచ్చిందంటే ఎవరో పోయినట్టే లెక్క. మానేరు దగ్గర చిన్న ఊరు మాది, ఇంటింటా మగ్గాలు. బతికున్నవాళ్లకు ఫొటో దేనికి, రోజూ కనబడుతూనే ఉన్నారు కదా అనుకునేవారు. మనిషి పోయాక మాత్రం కరీంనగర్ నుంచి ఫొటో తీసేవాణ్ని పిలిపించి, ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి తీయించేవారు. మా తాతయ్య పటం అలాంటిదే. కళ్లు మూసి ఉంటాయి, మెడ కొంచెం వాలి ఉంటుంది. దాని కింద నుంచి వెళ్లాలంటే నాకు భయం. గోడవైపు చూడకుండా పరుగెత్తేదాన్ని.

మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు, మగ్గం వదిలి కెమెరా పట్టినవాడు. పెళ్లిళ్ల ఫొటోలు పొట్టకోసం తీసేవాడు, దారిలో కనబడ్డ మనుషులను తన సంతోషం కోసం తీసేవాడు. చెన్నూరు దగ్గర గోదారి దాటించే పడవవాళ్లు, మందమర్రిలో బొగ్గుబాయి నుంచి పైకొచ్చి బీడీ వెలిగించుకుంటున్న కార్మికులు, బాసరలో కొడుకు చెయ్యి పట్టి పలక మీద దిద్దిస్తున్న తల్లి. ఆ ఫొటోలను ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూశాను. అందరి కళ్లూ తెరిచే ఉన్నాయి!

ఒక ఎండాకాలం ఇంటికొచ్చి, నానమ్మను తీస్తానని వాకిట్లో మూడు కాళ్ల కెమెరా నిలబెట్టాడు. అంతే, పక్కింటి పెద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తూ వచ్చేసింది. ఆమె వెనకే వాడకట్టు ఆడవాళ్లంతా. తీరా చూస్తే నానమ్మ రాట్నం ముందు కూర్చుని నింపాదిగా నూలు కండెలు చుట్టుకుంటోంది.

"నేనింక బతికే ఉన్న, ఏడ్సుడు బంద్ పెట్టుండ్రి!" అని వాళ్లను కసిరి, కొడుకు వైపు తిరిగింది. "గా పెట్టె ముంగట నేను కూసోను. గది సచ్చినోళ్లకు."

చిన్నబాపు వాదించలేదు. ఆమెను లేపి, నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టి, "సరే అవ్వా, నువ్వద్దు. పిల్ల సక్కగ కనవడ్తున్నదో లేదో జర గీ గుడ్డ కింద తలపెట్టి సూసి చెప్పు" అన్నాడు.

నానమ్మ గొణుక్కుంటూనే నల్లగుడ్డ కిందికి దూరింది. ఎంతకీ బయటికి రాదు. నేను రాట్నం తిప్పుతూనే ఉన్నాను. చివరికి వచ్చి కళ్లు తుడుచుకుంది. "మొగులు కిందున్నది, వాకిలి మీదున్నది. పిల్ల తలకిందులున్నది. గని నవ్వుతున్నది కొడుకా, కండ్లు మెరుస్తున్నయి." ఇంట్లో గోడవైపు చూస్తూ మెల్లగా అంది. "మీ బాపును గిట్ల తీపియ్యకపోతిమి. గోడ మీది పటం సూసి సూసి, ఆయన కండ్లు తెరిస్తే ఎట్లుండెనో నాకు యాదికొస్తలేదు."

నానమ్మ నన్ను పక్కకు జరిపి తనే కూర్చుంది. "తియ్యి. నా కండ్లు పిల్లకైన యాదుండాలె."

తీసే ముందు చిన్నబాపు నన్నూ గుడ్డ కింద చూడనిచ్చాడు. ఆ పెట్టెలో బొమ్మ తలకిందులుగానే పడుతుందట; చీకట్లో, చిన్న అద్దం మీద, మా నానమ్మ తలకిందులుగా నూలు చుడుతోంది. దారం తెగడం లేదు, ఆమె పడిపోవడం లేదు. అంతటి వింత నేను మళ్లీ చూడలేదు. కదలకుండా ఉండాలా అని నానమ్మ అడిగితే, "నీ పని నువ్వు చేస్కో అవ్వా" అన్నాడు.

కడిగి తెచ్చిన ఫొటోలో ముఖం స్పష్టంగా ఉంది, కళ్లల్లో నవ్వుంది. రాట్నం తిప్పే చెయ్యి మాత్రం పొగలా చెదిరిపోయింది. చెయ్యి ఖరాబైందని పక్కింటి పెద్దమ్మ తెగ బాధపడింది. "బతికున్న చెయ్యి గట్లనే ఉంటది" అంది నానమ్మ, ఎంతో గొప్పగా.

నానమ్మ పోయిన రోజు మా బాపు ఫొటో తీసేవాణ్ని పిలవనివ్వలేదు. ఆ పటానికే దండ వేశాడు. నేను దాని ఎదురుగా కూర్చుని ఆమె కళ్లల్లోకే చూస్తూ ఏడ్చాను.

ఇప్పుడు నా మనవలు ఫోను పట్టుకుని, "నానమ్మా, జర కదలకు" అంటారు. నేను వినను. చేతిలో ఏ పని ఉంటే ఆ పని చేసుకుంటూనే ఉంటాను.