వేడి తెలియని భుజం

ఫిజియోథెరపీ డిగ్రీ పాసైనట్టు తెలిసిన మర్నాడే నాయిన నేను పనిచేసే క్లినిక్‌కి వచ్చాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఆ సంతోషంలో క్లినిక్ ముందు పటాన్‌చెరు హైవే మీది దుమ్ము కూడా ఎండలో బంగారు పొడిలా తేలుతున్నట్టు కనిపించింది నాకు.

నాయిన బాయిలర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో వెల్డింగులు పరీక్షిస్తాడు. అతుకు మీద గ్రీజు పూసి, అల్ట్రాసౌండ్ ప్రోబు జరుపుతూ, లోపల పగులుంటే తెర మీద చూసి చెప్పడం ఆయన పని. కొన్ని నెలలుగా ఆయన కుడి చెయ్యి పైకి లేవడం లేదు. లేవకపోతే ఆ పనిలో ఉంచరు.

నా బల్ల మీది అల్ట్రాసౌండ్ మిషన్ చూడగానే ఆయన మొహం విచ్చుకుంది.

“గిది మా మిషనే గద బిడ్డా! ఏడ పగిలిందో జెర సూసి చెప్పు.”

“ఇది పగులు చూపెట్టది నాయినా. లోపల జెర వెచ్చ జేస్తది, గంతే.”

“గట్లయితే మాదే నయం.”

ఆ మిషన్ పెట్టేముందు చర్మానికి వేడీ చల్లదనమూ తెలుస్తున్నాయో లేదో చూడాలి. వేడినీళ్ల గాజు గొట్టం, చన్నీళ్ల గాజు గొట్టం మార్చి మార్చి భుజానికి తాకించాను. ఆయన కళ్లు మూసుకుని, నిద్రలో పాఠం అప్పజెప్పినట్టు, “వేడి... సల్ల... వేడి...” అంటున్నాడు. బయట లారీల మోత ఎక్కడో దూరపు వానలా వినిపిస్తోంది. భుజం వెనక ఒక పాత మచ్చ దగ్గర ఆయన మాట ఆగిపోయింది.

“ఇప్పుడు?”

“ఏం పెట్టలే గద.”

వేడి గొట్టం అక్కడే ఉంది.

ఎన్నడో నిప్పురవ్వలు పడి కాలిందట. ఇంట్లో చెప్పనేలేదు. వేడి తెలియని చోట ఆ మిషన్ పెడితే, లోపల కాలుతున్నా తెలియదు. పైగా బిగుసుకుపోయిన భుజానికి అది చేసే మేలు అంతంతమాత్రమే. కదిలించడమే అసలు మందు.

“నీకిది పనికిరాదు నాయినా. గోడ దగ్గర నిలబడి ఎక్సర్‌సైజులు చెయ్యాలె.”

“మిషనే పెట్టకుంటే ఇగ నీ డిగ్రీ ఎందుకే?”

గొట్టాలు పక్కన పెట్టాను. ఆయన వైపు తిరిగి అడిగాను.

“నువ్వు అతుకు సూసి రిజెక్ట్ అంటవ్ గద. ఊకెనే అంటవా?”

“ఊకె ఎట్లంట? సూస్తె గద అనేది.”

“నేను గూడ సూసినంకనే అన్న.”

ఆయన నన్ను తేరిపార చూశాడు. తర్వాత మెల్లగా వెళ్లి గోడకు ఎదురుగా నిలబడ్డాడు.

“చెప్పుండ్రి డాక్టరమ్మా, ఏం జెయ్యాలె?”

అప్పట్నుంచి రోజూ ఆయన వేళ్లు గోడ మీద చీమల్లా పైకి పాకాయి. వారాలు గడిచాయి. ఈ పొద్దున కంపెనీ బస్సులో సీటు దొరకలేదట. దిగగానే ఫోన్ చేశాడు.

“పటాన్‌చెరు దాక పై రాడ్ పట్కొనే వచ్చిన. కుడి చేత్తోని!”