మూడో పొర చూపించిన మా అప్పలనరసమ్మ మేడం

మా గురువర్యురాలు, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు అప్పలనరసమ్మ గారు పరమపదించారన్న దుర్వార్త నాకు మొన్న శుక్రవారం నాలుగో పీరియడ్ గంట కొట్టాక తెలిసింది. ఆమె కన్నుమూసింది తెల్లవారుజామునే. అప్పటికి మేడం లేరని తెలియక నేను తొమ్మిదో తరగతిలో చేతులూపుతూ, నవ్వుతూ పాఠం చెప్పాను. తలుచుకుంటే మొదట నా మీద నాకే అసహ్యం వేసింది. ఇప్పుడు గర్వంగా ఉంది.

సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబంలో పుట్టి, విజయనగరంలో జీవితమంతా పాఠాలు చెప్పిన ఆ విదుషీమణి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో మాలాంటి హైస్కూలు ఉపాధ్యాయులకు క్వాంటం కంప్యూటింగ్ బోధించడం నేర్పడానికి నడుం కట్టారు. బల్బు వెలగని ల్యాబులున్న మన బడుల్లో క్వాంటమేమిటని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. శిక్షణలో మొదటిరోజు ఆమె కంప్యూటర్ ముట్టనివ్వలేదు. పాడైపోయిన క్యాలిక్యులేటర్లు తెమ్మని, వాటి తెరకు అంటుకుని, వెలుతురును ఒక్క వాటంలోనే పోనిచ్చే బూడిదరంగు ప్లాస్టిక్ పొరలను గోళ్లతో ఒలిపించారు. నా గోళ్లు రెండు విరిగాయి.

నా మొదటి నమూనా పాఠం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. క్వాంటం కంప్యూటర్ లెక్కలకు మూలమైన క్యూబిట్ గురించి "క్యూబిట్ అనగా..." అని నిర్వచనం రాయించి, కింద గీత గీయించి, ముఖ్యమైన ప్రశ్న అన్నాను. తర్వాత పొరలు తీసి, "ఇప్పుడు చీకటవుతుంది, ఇప్పుడు వెలుతురొస్తుంది" అంటూ ప్రయోగం చేసి చూపించాను. వెనక బెంచీలోంచి మేడం లేచారు.

"ఒసే గౌరీ, సినిమా మొదలవకముందే కథంతా సెప్పేసినావు. ఇంకేటడుగుతారే పిల్లలు?"

"అడిగితే నాకు రాకపోతే మేడం?"

"రాదని సెప్పు. నాకూ సానా రాదు. కలిసి సూద్దాం అను."

అంతటి పండితురాలు అంత సులువుగా 'రాదు' అనడం నేను అదే మొదటిసారి వినడం. ఆనాటి నుంచి ఆమె మాకు పెట్టిన నియమం ఒక్కటే: పొర పెట్టేముందు పిల్లలు ఊహించాలి, ఆ ఊహలు బోర్డు మీద రాయాలి.

ఉపాధ్యాయులు ఆమె సాయం లేకుండా పాఠం చెప్పగలరని రుజువైతేనే శిక్షణ కొనసాగుతుందని పైనుంచి షరతు వచ్చింది. ఆ పరీక్ష గజపతినగరం దగ్గర ఉన్న మా బడికి, నా నెత్తికి వచ్చింది. మేడం అప్పటికే ఆసుపత్రిలో ఉన్నారు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, "నేను రానేను గానీ, నీ పాఠం మాత్రం ఆపకు. ఆగిందంటే నా పనంతా పోతాది" అన్నారు. గొంతు నీరసంగా ఉన్నా గద్దింపు తగ్గలేదు.

శుక్రవారం పాఠం పరీక్షించడానికి వచ్చిన విద్యాశాఖ అధికారి వెనక బెంచీలో కూర్చున్నారు. రెండు పొరలు ఒకదానికొకటి అడ్డంగా పెట్టాను. చీకటి. మధ్యలో మూడో పొర ఏటవాలుగా దూరిస్తే ఏమవుతుందని అడిగాను. 'వెలుతురు రాదు' కింద తరగతంతా చేరింది, 'వస్తాది' కింద ఒక్క పిల్ల మిగిలింది. పెట్టాను. వెలుతురు వచ్చింది. పక్కగది టీచరు పరుగెత్తుకొచ్చేంత గోల!

"టీచరూ, అడ్డం మీద అడ్డం పెడితే వెలుతురెలాగొచ్చీసింది?" ఓడిపోయిన ఒక పిల్లవాడు నిలదీశాడు.

నిర్వచనం నా నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. "కలిసి చూద్దాం రా" అన్నాను. ఆ ప్రశ్న పట్టుకుని, ప్రతి పొరా వెలుతురును కొలుస్తుందనీ, కొలవడమే దాన్ని మార్చేస్తుందనీ పిల్లలే తేల్చారు. క్యూబిట్ దగ్గరికి వాళ్లే నన్ను లాక్కెళ్లారు. అధికారి ముందుకు వచ్చి, పొరలు అడిగి తీసుకుని, కిటికీ దగ్గర తనూ తిప్పి చూసుకున్నారు. శిక్షణ కొనసాగించవచ్చని అక్కడే సంతకం చేశారు.

గంట కొట్టింది. మేడం కూతురు లక్ష్మి ఫోను.

"గౌరక్కా, పిల్లలేటడిగారు?"

సంబరంగా చెప్పాను. అంతా విని, ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది. "గంట కొట్టీవరకూ నీకు సెప్పొద్దంది అమ్మ. ముందు పిల్లలేటడిగారో కనుక్కోమంది."

మేడం, మీ లోటు తీరేది కాదు. ఆ మాట వెయ్యిసార్లు రాసినా నా దుఃఖం తీరదు. కానీ మీ పని పోలేదు. సోమవారం విజయనగరంలో కొత్త ఉపాధ్యాయులకు నేనే శిక్షణ మొదలుపెడుతున్నాను. పాడైన క్యాలిక్యులేటర్లు తెమ్మన్నాను. గోళ్లు విరుగుతాయని ముందే చెప్పలేదు.