తాడు పట్టినవాడికల్లా నీళ్లు పోయించిన మా కూర్మారావు బావ

నిన్న పొద్దున డ్యూటీలో ఉన్నాను. వెల్డింగ్ చేస్తుంటే జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. మాస్క్ తీసి చూస్తే అక్క, మా పెదనాన్న కూతురు.

"తమ్ముడూ, మీ బావ ఎలిపోనాడ్రా" అంది.

మెషీన్ ఆపేసి లేచాను.

లీవ్ అడిగితే సూపర్‌వైజర్ "సొంత బావేనా?" అన్నాడు. టూల్స్ అక్కడే పడేసి వచ్చేశాను. రైల్లో కూర్చుని ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి, నేను ఏడో తరగతితో ఆపేసినవాణ్ణి.

మన హైదరాబాద్ బ్యాచ్‌లో చాలామందికి ఇంకా తెలియదు.
కూర్మారావు బావ లేడు.

తుఫానుకి పడవలూ వలలూ పోయాక మా ఊరు సగం పలాసలో రైలెక్కి హైదరాబాద్ వచ్చేసింది. సముద్రం ఒడ్డున పెద్దవల లాగిన బావ ఇక్కడ సెంట్రింగ్ కూలీ అయ్యాడు. అమ్మానాన్నలతో నేనూ వచ్చాను.

మన సందు గుర్తుందా? రేకుల గదులు. ఎండుచేపలు కాలిస్తే గట్టు మీదున్న పై బస్తీ వాళ్లు కిటికీలు మూసుకుని తిట్టేవాళ్లు. మనం "ఏటి" అంటే నవ్వేవాళ్లు. నవ్వితే కొట్టేవాళ్లం. వాళ్లూ ఊరుకునేవాళ్లు కాదు. నా ముందు పన్ను సగం లేదు కదా, అది పై బస్తీ శ్రీశైలం విసిరిన రాయి.

ఆ రోజులు మళ్లీ ఇస్తామంటే పక్క పన్ను కూడా ఇచ్చేస్తాను.

గొడవలన్నీ నీళ్లకే. ఎండాకాలం బోరు ఎండిపోయేది. ట్యాంకరు మా సందు ముందు నుంచే పైకి పోయేది. పై బస్తీ వాళ్లు తాగి, ఉతుక్కుని, మిగిలితే మాకు.

ఒకరోజు అకాల వాన. ట్యాంకరు మా సందు మొదట్లోనే దిగబడిపోయింది. వెనక పైపు మురుగు కాలువలో మునిగింది, బిందె పెట్టే వీలే లేదు. నీళ్లన్నీ వదిలేస్తే బండి తేలికవుతుంది, వదిలేస్తానన్నాడు డ్రైవర్. అప్పటికే రెండు బస్తీల్లోనూ బిందెలు ఖాళీ.

బావ మోకాళ్ల లోతు మురుగులో దిగి వాల్వ్‌కి అడ్డంగా నిలబడ్డాడు. ఓ పాలి లాగి చూస్తామని డ్రైవర్‌ని బతిమాలాడు. ఊరి నుంచి తెచ్చిన వలతాడు మీద సందంతా బట్టలు ఆరేసుకునేవాళ్లం. అది విప్పించి, పేటలుగా మడిచి బండికి కట్టాడు.

ఒడ్డున వల లాగేటప్పుడు పెట్టే కేక పెట్టాడు. ఆడవాళ్లు, ముసలాళ్లు, పిల్లలం, అందరం లాగాం. బండి కదిలినట్టే కదిలి వెనక్కి జారిపోతోంది.

పై బస్తీ వాళ్లు గట్టు మీద నిలబడి చూస్తున్నారు. ముందు దిగింది శ్రీశైలమే. నా పక్కనే తాడు పట్టుకున్నాడు. వాడి వెనక మిగతావాళ్లు.

అప్పుడొచ్చింది బండి.

రోడ్డెక్కిందో లేదో, మా వాళ్లు వాల్వ్ చుట్టూ గోడ కట్టినట్టు నిలబడిపోయారు. ఎన్నాళ్ల కసి అది. పైకి చుక్క పోకూడదు. శ్రీశైలం బిందెకి కాలు అడ్డం పెట్టింది నేనే.

బావ నా చెవి పట్టుకుని పక్కకి లాగాడు.

"ఆడు తాడట్టుకున్నాడా లేదా?"

పట్టుకున్నాడన్నాను.

"మరింకేటి. తాడు మీద సెయ్యేసినోడిని కూర ఇయ్యకుండా ఎప్పుడైనా పంపినామేటి?"

మా ఒడ్డున పద్ధతి అది. దారిన పోయేవాడు వచ్చి వలతాడు మీద చెయ్యి వేసినా, కూరకి సరిపడా చేపలు చేతిలో పెట్టి పంపాలి. ఏ ఊరని అడగరు. ఎంత లాగావనీ అడగరు.

రేపు వాళ్లు మనకి పోస్తారా అని మా వాళ్లు గొణిగారు. బావ వాదించలేదు. మనదొక బిందె, వాళ్లదొక బిందె, వరస పెట్టించాడంతే.

బిందె ఎత్తుకుంటూ శ్రీశైలం అడిగాడు, "మీ ఊర్ల గిట్లనే ఇస్తరా అన్నా?"

"మా ఊర్లో సేపలిత్తాం. ఈడ నీల్లే ఉన్నాయి, అట్టుకెల్లు."

తర్వాత కొట్టుకోలేదా అంటే కొట్టుకున్నాం. నీళ్ల కోసం మాత్రం కాదు. ఆ సందులో ఉన్నంతకాలం బావ పెట్టిన వరసే నడిచింది.

అలాంటి మనిషి కిడ్నీలు పాడై ఊరికి తిరిగెళ్లాడు. నీళ్ల వల్లో, ఇంకెందువల్లో, ఇంటింటా ఈ జబ్బున్న మా ఉద్దానంలో ఇప్పటికీ ఎవడూ తేల్చలేదు. మీటింగులకి వచ్చిన ప్రతి పెద్దమనిషీ సీల్ బాటిల్ వెంట తెచ్చుకున్నాడు. మా నీళ్లు ముట్టుకోకుండా మాకు ధైర్యం చెప్పి వెళ్లాడు. అలాంటివాళ్లు కింద కామెంట్లలో దండాలు పెట్టకండి. డిలీట్ చేస్తాను.

డయాలసిస్‌కి పలాస తిరిగేవాడు. తాగే నీళ్లకి డాక్టర్లు కొలత పెట్టారు. పోయిన ఎండాకాలం చూడ్డానికి వెళ్లాను. పూండిలో రైలు దిగి ఆటోలో ఇల్లు చేరేసరికి గొంతెండిపోయింది. అక్క చెంబుతో నీళ్లిచ్చింది. ఎదురుగా బావ తడిగుడ్డతో పెదాలు అద్దుకుంటున్నాడు. చెంబు పక్కన పెట్టేశాను.

"తాగరా. నువ్వు మానేత్తే నాకేటి ఒత్తాది?" అన్నాడు, నవ్వుతూనే.

తాగాను. అంత కష్టంగా నేనెప్పుడూ నీళ్లు తాగలేదు.

వెళ్లిరా బావా.
ఇంక నీకు కొలత పెట్టేవాడు లేడు.
కడుపారా తాగి, చల్లగా పడుకో.