ముకొంబెరో వేరు

మొన్న సిడ్నీ శివారు రౌస్ హిల్‌లో ఒక ఆర్గానిక్ దుకాణంలో మా అమ్మాయి ఒక సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. వెనీలా వాసన, దాని అడుగున పచ్చి మట్టి వాసన. "ఆఫ్రికన్ రూట్ పౌడర్ అట డాడీ, సూపర్ హెల్దీ!" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదే వేరు నమిలినందుకు ఒక పెద్దమనిషిని నా కళ్ళ ముందే దొంగలా నిలబెట్టారు.

రెండువేల సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తప్పుతాయన్న వైటూకే భయంతో కంపెనీలు కోబాల్ ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళ కోసం ఎగబడుతున్న రోజులవి. పారమట్టాలో ఒక బీమా ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరాను. మా టీమ్ లీడర్ వంజాలాది కెన్యా, వయసు యాభై దాటింది. ఆయన సొరుగులో ఎప్పుడూ ఎండు వేర్లుండేవి. వాళ్ళ అడవుల్లో చెట్లకు అల్లుకునే తీగ వేరు అది, పేరు ముకొంబెరో. ఆకలి పుట్టడానికీ కడుపునొప్పికీ నములుతారట, ఆకు కూర వండుకుంటారట, కాడను తాడుగా పేనుతారట. పెద్దలు తగవు తీర్చడానికి కూర్చుంటే ముందు వేరు తుంచి అందరికీ పంచుతారట. ఆయనా అంతే. నా ప్రోగ్రాములో తప్పు దొరికితే ముందు ఒక ముక్క నా చేతిలో పెట్టేవారు. "నములు బ్రదర్. నోట్లో ఇది ఉండగా మనిషిని తిట్టలేం" అనేవారు. మొదటిసారి నమిలినప్పుడు కడపలో మా నాయనమ్మ చేసే నన్నారి షర్బత్ గుర్తొచ్చింది.

కొత్తగా వచ్చిన మేనేజరుకు ఆ నమలడం నచ్చలేదు. ఒక మధ్యాహ్నం సెక్యూరిటీ మనిషితో వచ్చి, అందరూ చూస్తుండగా ఆ సొరుగును బల్ల మీద బోర్లించాడు. మత్తుమందన్నాడు. ఎయిర్‌పోర్టులో చూపించి, వాళ్ళు సరేనన్నాకే తెచ్చుకున్నానని వంజాలా చెప్పినా చెవిన పెట్టలేదు. "అందరి ముందూ సారీ చెప్పి ఇవి చెత్తబుట్టలో పారెయ్, కాంట్రాక్టు ఉంటుంది" అన్నాడు. కాంట్రాక్టు పోతే వీసా పోతుంది. ఆయన పిల్లలిద్దరూ ఇక్కడే బళ్ళో చదువుతున్నారు. నేను లేచాను. పక్కసీటు ప్రసాద్ గొణిగాడు: "కూర్చో అన్నా, మనకెందుకీ న్యూసెన్స్? ఇక్కడే ఉండిపోవడానికి నీ పీఆర్ ఇంకా పెండింగ్‌లో ఉందిగా!" అయినా అరిచాను, "నేనూ రోజూ తింటున్నాను, నా సొరుగూ వెతకండి" అని. మేనేజరు నావైపు చూడను కూడా లేదు. వంజాలా ఒక వేరు తుంచి అతని ముందు పెట్టారు. "మా దగ్గర తగవుకు ముందు ఇది తింటాం. తిను, తర్వాత నా తప్పేంటో చెప్పు. చేయని తప్పుకు నేను సారీ చెప్పను." మేనేజరు దాన్ని పెన్నుతో కిందికి తోశాడు. వంజాలా కోటు తీసుకుని వెళ్ళిపోయారు. నెల తిరక్కుండా కుటుంబమంతా దేశం విడిచింది.

నిజం చెప్పాలంటే మేనేజరు మీదకన్నా ఆఫీసులోని మా తెలుగువాళ్ళ మీదే నాకు ఎక్కువ కోపం. ఆ రోజు తేలు కుట్టిన దొంగల్లా కిమ్మనకుండా ఉన్నవాళ్ళే, వారం తిరిగేసరికి నా సీటు చుట్టూ మూగారు. "అన్నా, అది మగాళ్ళకి భలే పనిచేస్తుందంట కదా, నీ దగ్గరేమైనా మిగిలిందా?" అని ఇకిలించారు. సిగ్గులేని జన్మలు!

ఇప్పుడు నా కింద కూడా ఒక టీమ్ ఉంది. పోయిన నెల మా కొత్తమ్మాయి మధ్యాహ్నం ఎండుచేపల కూర డబ్బా తెరిస్తే, ఒకాయన ముక్కు మూసుకుని, ఆమెను బయటికెళ్ళి తినమన్నాడు. ఆమె గబగబా మూత పెట్టి సారీ చెప్పింది. నా గొంతు దానంతటదే లేచింది. "దేనికమ్మా సారీ? కూర్చుని తిను!" అన్నాను. ఆమె ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుని, ఆమె తినడం అయ్యేదాకా లేవలేదు.