పర్చూరు ఎండలో ఆరిన యాంప్లిఫయరు

ఏప్రిల్ నెల రెండో శనివారం పొద్దున ఐదూ యాభైకి గుంటూరు బస్టాండులో చిలకలూరిపేట బస్సెక్కాను. చేతిలో గిటారు, జేబులో ఆరువందల రూపాయలు, పొట్ట మీద ఆరువారాల కిందటి హెర్నియా కోత. పది కిలోలకు మించి ఎత్తితే మళ్ళీ తన బల్ల మీదికే వస్తానని డాక్టరుగారు చెప్పారు. నేను కొనబోయేది యాంప్లిఫయరు. మా జిల్లాల్లో యాంప్లిఫయరు అనేది పది కిలోల లోపు ఉండటం దానికీ అప్రతిష్ఠే, దాని యజమానికీ అప్రతిష్ఠే. అందుకని ఎవరైనా ఈ దారిన ఇదే పని మీద వెళ్ళాలనుకుంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నా పేరు దేవసహాయం. గుంటూరులో మిషన్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆదివారాలు గుడిలో కీర్తనలకు గిటారు వాయిస్తాను. ఇంట్లో తలుపేసుకుని వాయించేది మాత్రం జాజ్. షార్ట్‌వేవ్ రేడియోలో విని పన్నెండేళ్ళుగా నాకు నేనే నేర్చుకున్నాను. తెలిసిన పాటనే తీసుకుని, అది తప్పిపోకుండా ఎన్ని సందులు తిప్పి తీసుకురావచ్చో చూడటమే జాజ్. మా ఆవిడ సుగుణకు మాత్రం అది ఎప్పుడూ శ్రుతి చేసుకోవడంలాగే వినిపిస్తుంది. "సర్దుకోవడం అయ్యాక పిలవండి, వస్తాను" అంటుంది వంటింట్లోంచి. పన్నెండేళ్ళలో నేను పిలవలేదు, ఆవిడ రాలేదు.

విజయవాడలో డగ్లస్ గారని రిటైరైన ఇంజను డ్రైవరు ఉన్నారు. ఆదివారం సాయంత్రాలు ఆయన పియానో ముందు కూర్చుంటే, ఒక స్నేహితుడు డ్రమ్ములు, ఇంకొకాయన క్లారినెట్టు వాయిస్తారు. మొత్తం జాజే. వాళ్ళతో గిటారు వాయించే ఆయన మద్రాసు వెళ్ళిపోయాడు. ఎవరో నా సంగతి చెబితే నాకు కబురు పెట్టారు: ఈ ఆదివారం రావాలి, యాంప్లిఫయరు నాదే తెచ్చుకోవాలి, అది పియానోని మింగేసేదైతే గుమ్మంలోనే ఆపేస్తారు. జాజ్ తెలిసిన మనిషి ఎదుట ఒక్కసారి వాయించాలన్నది నా కోరిక. ఈ ఆదివారం తప్పితే వాళ్ళు ఇంకెవరినో చూసుకుంటారు. గుడిలో ఒక యాంప్లిఫయరు ఉంది. ఇరవై ఎనిమిది కిలోలు. సంఘపెద్దలు దాన్ని హోటలు పాటలకు ఇవ్వబోమన్నారు. ఇచ్చినా ఎత్తలేను కాబట్టి ఆ మాటకు పెద్దగా బాధపడలేదు.

బస్సులో పక్కన కూర్చున్న రైతు గిటారు సంచీని చాలాసేపు చూశాడు. మా ఆవిడ దాన్ని పాత పత్తి బోరెం చింపి కుట్టింది.

"లోపల స్ప్రేయరా అండీ?" అన్నాడు.

కాదు, గిటారు అన్నాను. ఆయన ముఖంలో నిరాశ కనిపించింది. స్ప్రేయరైతే ఏ కంపెనీదో, పచ్చపురుగు ఆగుతుందో లేదో మాట్లాడుకుంటూ పేట దాకా వెళ్ళేవాళ్ళం.

ఏడూ ఇరవైకి పేటలో దిగి, రెండు ఇడ్లీ, కాఫీ కానిచ్చి, ఎనిమిదింటికి మైకుసెట్ల కొట్టుకు వెళ్ళాను. యజమాని శేషగిరి గారు కుర్చీలోంచి లేవకుండానే అడిగారు.

"ఎన్ని హారన్లు లాగాలండీ?"

హారన్లు అక్కర్లేదని, చిన్న గదిలో నలుగురైదుగురికి వినిపిస్తే చాలని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

"ఐదుగురికైతే నోటితో చెప్పొచ్చు గదండీ."

తేలికైనది ఏదైనా చూపించమన్నాను. కొట్లో ఉన్నవాటిలో అతి తేలికైనది ముప్ఫై రెండు కిలోలట. దాన్ని కరెంటుకు తగిలించి, "హలో, మైక్ టెస్టింగ్" అన్నారు. ఎదురు హోటల్లో టీ తాగుతున్న నలుగురు గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చారు. నా గిటారు తగిలిస్తే ఒక్క తీగకే తిరునాళ్ళ మొదలైనట్టు అయింది. కొంచెం తగ్గించమన్నాను. తగ్గించే మీట ఎప్పుడో ఊడిపోయిందని, దాని అవసరం ఇంతవరకు ఎవరికీ రాలేదని ఆయన గర్వంగా చెప్పారు.

"తేలిగ్గా ఉంటే జనం నమ్మరండీ. ఇద్దరు మోసుకొస్తేనే మైకుసెట్టని అనుకుంటారు" అన్నారు చివరికి. ఆయన వ్యాపారం ఆయనకు తెలుసు. దండం పెట్టి బయటపడ్డాను.

ఇక మిగిలింది పర్చూరు. మా స్కూలు డ్రిల్లు మాస్టారిది ఆ ఊరే. అక్కడ పత్తి, మిరపకాయల వ్యాపారం చేసే కోటేశ్వరరావు గారి దగ్గర జపాను యాంప్లిఫయరు ఉందని ఆయనే చెప్పారు. కోటేశ్వరరావు గారి బావమరిది ఓడలో పనిచేసినప్పుడు తెచ్చి, ఆర్కెస్ట్రా పెడదామనుకుని, తర్వాత బుద్ధి తెచ్చుకుని ఒంగోల్లో ఫాన్లు అమ్ముకుంటున్నాడట. నేను మూడు వారాల కిందట కార్డు రాశాను. బరువు పది కిలోలు మించితే నాకు పనికిరాదని కింద గీత కూడా గీశాను. జవాబు వచ్చింది: "పదమూడున్నర ఉన్నది. మీరు వచ్చే లోపు దింపగలము." ధర దింపుతారు కాబోలు అనుకున్నాను.

తొమ్మిదింబావుకి పర్చూరు బస్సు. పదిన్నరకి దిగాను. కొట్టు ఎక్కడని అడగక్కర్లేదు, దగ్గుకుంటూ వెళితే అదే వస్తుంది. గోడౌనులో మిరపకాయల టిక్కీ బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి నీడలో పదిమంది ఆడవాళ్ళు కాయలకు తొడిమలు తీస్తున్నారు. కోటేశ్వరరావు గారు తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన తువ్వాలుతో ఎదురొచ్చి మజ్జిగ ఇప్పించారు. నిండైన మనిషి.

"రండి మాస్టారూ, మీ సరుకు కల్లంలో ఉంది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన వెనకాలే వెళ్ళాను. గోడౌను వెనక కల్లంలో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి నడుమ, మండుటెండలో, వెల్లకిలా పడుకుని ఉంది నా యాంప్లిఫయరు.

"మూడు రోజులయింది ఎండేసి. పూటకోసారి తిరగేయిస్తన్నా. మూడొందల గ్రాములు దిగింది" అన్నారు ఆయన.

ఆ ఊళ్ళో ఏ సరుకైనా ఉండాల్సిన దానికన్నా బరువుందంటే తేమ ఉన్నట్టే లెక్క. పత్తైనా అంతే, మిరపకాయైనా అంతే. తేమ పోవడానికి మందు ఎండ. యాంప్లిఫయరుకు వేరే న్యాయం ఉంటుందని ఆయనకు తోచలేదు. పైన అంటించిన నల్ల రెగ్జిను పెళుసెక్కి అప్పడంలా లేచింది.

"లోపల ఉండేది ట్రాన్స్‌ఫార్మరండీ. ఇనుము" అన్నాను.

"ఇనుముకు మాత్రం చెమ్మ పట్టదా ఏంటండీ? తుప్పెందుకు పడద్ది మరి?"

పదిహేనేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నా లెక్కల్లో తుప్పు పాఠం లేదు.

దాన్ని తెచ్చి కాటా మీద పెట్టించారు. పదమూడు కిలోల రెండువందలు. నేను పొట్ట మీద చెయ్యేసుకుని డాక్టరుగారి మాట చెప్పాను. కోటేశ్వరరావు గారు గుమాస్తాని పిలిచారు.

"మూడు కిలోల రెండొందలు తరుగు తియ్యి. మాస్టారికి నికరం పది రాయి."

తరుగంటే, మట్టి, తేమ, తాలు ఉంటాయని తూకంలో తగ్గించి రాసే బరువు. గుమాస్తా చీటీ రాసి చేతికిచ్చాడు. నికరం పది కిలోలు. కాగితం ప్రకారం నేను దాన్ని నిక్షేపంగా ఎత్తవచ్చు.

కరెంటు రెండింటికి గాని రాదన్నారు. ఈలోగా వాళ్ళింట్లోనే భోజనం పెట్టారు. గోంగూర, ముద్దపప్పు, చాలా బావుంది. రెండూ పదికి కరెంటు వచ్చింది. గిటారు తగిలించి ఒక స్వరం వాయించాను. స్పీకరులోంచి ముందు శబ్దం రాలేదు, కారం వచ్చింది. మూడు రోజుల మిరప దుమ్మంతా ఒక్కసారి లేచింది. గుమాస్తా, నేను, కోటేశ్వరరావు గారు వరసగా తుమ్మాం. ఆడవాళ్ళు కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

రెండో స్వరానికి దాని అసలు గొంతు వినిపించింది. ఎండకి స్పీకరు కాగితం సడలిందో ఏమో, కీచుదనమంతా పోయింది. గుండ్రంగా, మెత్తగా, లోపలి గదిలోంచి మాట్లాడినట్టు వచ్చింది. పన్నెండేళ్ళు రేడియో గరగరల వెనక నేను విన్నది అదే. ఏడుపొచ్చినంత పనయింది. అలాంటప్పుడు ఏడ్చి ఉంటే మర్యాదగా ఉండేది. నేను బేరానికి దిగాను.

"గొంతు పోయిందండీ. ఎండకి పాడయింది" అన్నాను మూతి విరిచి.

కోటేశ్వరరావు గారి ముఖం నల్లబడింది. "అట్టయితే అమ్మను. మా కొట్లోంచి చెడిన సరుకు బయటికి పోదు. సోమవారం చీరాల పంపించి కొత్త స్పీకరు ఏయిస్తా. మంగళవారం రండి, నా ఖర్చే."

ఆదివారం పోతుంది, ఆ గొంతూ పోతుంది. లేదండీ, బావుంది, చాలా బావుంది, బేరం కోసం అలా అన్నానని ఒప్పుకున్నాను. ఆయన నమ్మలేదు. నేను మొహమాటానికి చెడు సరుకు పట్టుకుపోతున్నానని అనుకున్నారు.

"బావుంటే వాయించండి. ఈళ్ళు చెబుతారు" అన్నారు ఆడవాళ్ళ వైపు చూపించి.

ఒక టిక్కీ మీద కూర్చుని మొదలుపెట్టాను. వినేవాళ్ళలో ఎవరికీ జాజ్ తెలియదు కాబట్టి భయపడటానికి ఏమీ లేదు. ఒక పాత కీర్తన వరస తీసుకుని తోచిన సందల్లా తిప్పాను. రెండు మూడు చోట్ల దారి తప్పాను. తప్పినచోట అక్కడే కాసేపు తిరిగి వేరే దారిన బయటికి వచ్చాను. ఎంతసేపయిందో చూసుకోలేదు. గిన్నెల్లో కాయలు పడే చప్పుడు మాత్రం ఆగకుండా నా వేళ్ళతోపాటు నడిచింది.

మరియమ్మ అనే పెద్దావిడ తలెత్తింది. "ఏంది మాస్టారూ, ఇందాకట్నుంచీ సర్దుకుంటానే ఉన్నారు. పాట ఎప్పుడు మొదలెడతారు?"

ఇంత దూరం వచ్చినా మా ఇంటి వంటగది నన్ను వదల్లేదు. "అయిపోయిందమ్మా" అని ఆపేశాను.

"ఆపారేంది మరి? ఇంకాసేపు సర్దుకోండి. చేతులు వాటంతటవే పోతన్నాయి."

ఇంకో పావుగంట సర్దుకున్నాను. కోటేశ్వరరావు గారు నాలుగువందలకు ఒప్పుకుని, చీటీ మీద "సరుకు చెడినది, తెలిసే తీసుకున్నారు" అని రాసి సంతకం పెట్టించుకున్నారు. హమాలీ చేత బస్సెక్కించారు. నాలుగున్నర బస్సు, నేరుగా గుంటూరు. కండక్టరుకు చీటీ చూపించి పది కిలోలే అన్నాను. ఆయన డబ్బాని కాలితో కొంచెం నెట్టి చూసి, "కాగితం చాలా బరువుగా ఉందండీ" అని లగేజీ టిక్కెట్టు కొట్టాడు.

ఆదివారం మూడింటికి, మళ్ళీ హమాలీ చేత డబ్బా ఎక్కించి, విజయవాడ బస్సు. నాలుగున్నరకి రిక్షాలో డగ్లస్ గారింటికి చేరాను. ఆయన పొడుగ్గా, సన్నగా ఉన్నారు. మొదటి స్వరానికే క్లారినెట్టు ఆయన తుమ్మాడు. మూడు పాటలు వాయించాను. ముందే ఇంట్లో కాగితం మీద రాసుకుని, పొల్లుపోకుండా సాధన చేసుకున్నవి. ఒక్క స్వరం తప్పలేదు.

"ఈ బాక్స్ ఎక్కడ దొరికింది, మాన్?" అన్నారు డగ్లస్ గారు. "దీని గొంతు బంగారం."

నేను పొంగిపోయాను. ఆయన పియానో మూత వేశారు.

"నువ్వు ఒక్క తప్పు చెయ్యలేదు. అదే తప్పు. లెక్క సరిచూసుకుంటా ఉన్నావు. జాజ్ అంటే అది కాదు." మూత మీద చెయ్యి పెట్టి అన్నారు, "వచ్చే నెల ఇంకో ఆయన వస్తన్నాడు మాకు. బాక్స్ అమ్ముతావా?"

అమ్మనన్నాను. టీ ఇచ్చారు, తాగాను. మర్యాదస్థులు. డ్రమ్ములాయన డబ్బాని మోసుకొచ్చి రిక్షాలో పెట్టాడు.

ఆరింటి బస్సు దొరికింది. డబ్బాని కాళ్ళ మధ్య పెట్టించుకుని కూర్చున్నాను. ఈ రెండు రోజులూ కనిపించిన ప్రతివాడినీ చూసి లోపల నవ్వుకున్నాను. హారన్లు లెక్కపెట్టేవాడు ఒకడు, యాంప్లిఫయరు ఎండబెట్టేవాడు ఒకడు. తీరా చూస్తే పన్నెండేళ్ళ సంగీతాన్ని ఎండబెట్టి చుక్క తేమ లేకుండా చేసుకున్నది నేను. సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒప్పుకుంటున్నాను.

పెదకాకాని దాటాక పక్కాయన డబ్బా వైపు చూసి అడిగాడు. "ఎన్ని హారన్లు లాగుద్దండీ?"

"ఒక్కటీ లాగదండీ. పదిమంది ఆడవాళ్ళని లాగుతుంది. అదీ కూర్చుని పనిచేసుకునేవాళ్ళని" అన్నాను. ఆయన సర్దుకుని కొంచెం దూరంగా కూర్చున్నాడు.

ఈ దారిన వెళ్ళదలచినవారికి చివరగా రెండు ముక్కలు. పర్చూరుకు చిలకలూరిపేట మీదుగా చుట్టు తిరిగి వెళ్ళనక్కర్లేదు. పెదనందిపాడు మీదుగా నేరుగా బస్సు ఉంది, గుంటూరులో పొద్దున్నే ఆరుంబావుకి. కరెంటు రెండింటికి వస్తుంది. తొడిమలు తీసే పని ఇంకో నెల ఉంటుందని మరియమ్మ చెప్పింది. వచ్చే శనివారం స్కూలుకు సెలవు పెట్టాను.